డ్రై ఫ్రూట్స్‌తో బరువు తగ్గుతారా.. పెరుగుతారా? గుప్పెడులో దాగిన అసలు లెక్క ఇదే..

ఉదయం లేవగానే నానబెట్టిన బాదం, కిస్‌మిస్. టిఫిన్‌కు ముందు రెండు అంజీర్‌లు. సాయంత్రం బిస్కెట్లు మానేసి ఓ డ్రై ఫ్రూట్ లడ్డూ. పంచదార ముట్టుకోవట్లేదు, వాకింగ్ మానట్లేదు. అయినా రెండు నెలల తర్వాత వెయింగ్ మెషీన్ ఎక్కితే బరువు తగ్గలేదు సరికదా.. కిలో పెరిగింది! బరువు తగ్గాలని డ్రై ఫ్రూట్స్ మొదలుపెట్టిన చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. మరి తప్పు ఎక్కడ జరుగుతోంది? డ్రై ఫ్రూట్స్ బరువు తగ్గిస్తాయా, పెంచుతాయా? రోజుకు ఎన్ని తినాలి? ఎవరు తగ్గించాలి? పూర్తి వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం..

ఇది చిన్న విషయమేం కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం.. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అంటే మన దగ్గర ప్రతి ముగ్గురు మహిళల్లో దాదాపు ఒకరిది ఇదే సమస్య. షుగర్, బీపీ, గుండె జబ్బులు, మోకాళ్ల నొప్పులు దీని వెంటే వస్తాయి. అందుకే బరువు తగ్గాలని కష్టపడుతున్నవారికి, తినే గుప్పెడు డ్రై ఫ్రూట్స్ సాయం చేస్తున్నాయా.. అడ్డం పడుతున్నాయా అన్నది తెలియడం అవసరం.

డ్రై ఫ్రూట్స్ అన్నీ ఒకటి కాదు

మన ఇళ్లలో బాదం, జీడిపప్పు, ఖర్జూరం, కిస్‌మిస్.. అన్నింటినీ కలిపి డ్రై ఫ్రూట్స్ అనే అంటారు. హైదరాబాద్ బేగంబజార్‌కు వెళ్లినా అన్నీ ఒకే షాపులో, పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ శరీరానికి ఇవి రెండు వేర్వేరు రకాలు.

మొదటి రకం.. ఎండబెట్టిన పండ్లు. కిస్‌మిస్, ఖర్జూరం, అంజీర్, ఆప్రికాట్, ప్రూన్స్ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో ఎక్కువగా ఉండేది చక్కెర. దాంతో పాటు పీచు, పొటాషియం లాంటి ఖనిజాలు ఉంటాయి. కొవ్వు దాదాపు ఉండదు.

రెండో రకం.. గింజలు, అంటే నట్స్. బాదం, జీడిపప్పు, పిస్తా, వాల్‌నట్స్ ఈ కోవలోవి. వీటిలో ఎక్కువగా ఉండేది కొవ్వు. అందులో అధిక భాగం గుండెకు మేలు చేసే రకం. ప్రొటీన్ కూడా బాగానే ఉంటుంది. చక్కెర మాత్రం తక్కువ.

బరువు విషయంలో ఈ రెండు రకాలూ ఒకేలా పనిచేయవు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

నీళ్లు పోయాయి.. చక్కెర మిగిలింది

పండును ఎండబెడితే పోయేది ప్రధానంగా నీళ్లే. అందులోని చక్కెర ఎక్కడికీ పోదు. 100 గ్రాముల తాజా ద్రాక్షలో సుమారు 80 గ్రాములు నీళ్లే ఉంటాయి. కేలరీలు 70 లోపే. అదే 100 గ్రాముల కిస్‌మిస్‌లో నీళ్లు 15 గ్రాములు మాత్రమే. చక్కెర 60 గ్రాముల దాకా ఉంటుంది. కేలరీలు సుమారు 300. అంటే బరువుకు బరువు చూస్తే నాలుగు రెట్లకు పైనే.

కిలో కిస్‌మిస్ తయారవ్వాలంటే సుమారు నాలుగు కిలోల ద్రాక్ష కావాలి. దీన్నే తిరగేసి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. గిన్నెడు ద్రాక్ష తినాలంటే కాసేపు పడుతుంది, కడుపు కూడా నిండినట్టు ఉంటుంది. అదే ద్రాక్ష ఎండిపోతే అరచేతిలో పట్టేస్తుంది. రెండు సార్లు నోట్లో వేసుకుంటే అయిపోతుంది. నోరు ఆగదు, చెయ్యి మళ్లీ డబ్బాలోకే వెళ్తుంది. ఎందుకంటే కడుపు నిండిందన్న సంకేతంలో తిన్న ఆహారం పరిమాణానికి, అందులోని నీళ్లకు కూడా పాత్ర ఉంటుంది. ఎండు పండులో ఆ నీళ్లే ఉండవు.

ఇంకో మాట.. ఎండబెట్టే క్రమంలో విటమిన్ సి చాలావరకు పోతుంది. కాబట్టి ఎండు పండు తాజా పండుకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

దేనిలో ఎన్ని కేలరీలు?

100 గ్రాముల్లో సుమారుగా ఉండే కేలరీలు ఇవి..

• ఆప్రికాట్ – తాజాది 48, ఎండుది 240
• అంజీర్ – తాజాది 74, ఎండుది 250
• ప్రూన్స్ – 240
• ఖర్జూరం – 280
• కిస్‌మిస్ – 300
• జీడిపప్పు – 550
• పిస్తా – 560
• బాదం – 580
• వాల్‌నట్స్ – 650

అయితే 100 గ్రాములు ఒకేసారి ఎవరూ తినరు కదా! అందుకే తినే లెక్కలో చూద్దాం..

• బాదం పప్పులు 10 – సుమారు 70 కేలరీలు
• జీడిపప్పులు 10 – సుమారు 85 నుంచి 90
• పిస్తా పప్పులు 20 – సుమారు 65
• వాల్‌నట్ సగం ముక్కలు 4 – సుమారు 50
• చిన్న ఖర్జూరం 1 – 20 నుంచి 25
• పెద్ద మెడ్జూల్ ఖర్జూరం 1 – సుమారు 65
• కిస్‌మిస్ 2 టేబుల్ స్పూన్లు – సుమారు 60
• ఎండు అంజీర్ 1 – సైజును బట్టి 20 నుంచి 35

పొద్దున్నే తినే ఆ గిన్నె లెక్క చూశారా?

చాలా ఇళ్లలో రాత్రి ఓ గిన్నెలో నానబెట్టే లిస్ట్ ఇలా ఉంటుంది. బాదం 10, జీడిపప్పు 5, వాల్‌నట్ ముక్కలు 4, ఖర్జూరాలు 3, అంజీర్‌లు 2, కిస్‌మిస్ రెండు స్పూన్లు. పేరుకు పేరే.. అన్నీ ఆరోగ్యానికి మంచివే. కానీ మొత్తం కలిపితే సుమారు 350 కేలరీలు!

ఆ 350 కేలరీలే టిఫిన్ అయితే ఇబ్బంది లేదు. కానీ అది తిన్న గంటకే ఇడ్లీ, దోశ, చట్నీ మామూలుగానే నడుస్తాయి. మధ్యాహ్నం అన్నం తగ్గదు, రాత్రి చపాతీ తగ్గదు. బరువు తగ్గడానికి రోజుకు 1,500 కేలరీలు దాటకూడదని అనుకునేవారికి ఈ ఒక్క గిన్నెలోనే దాదాపు నాలుగో వంతు అయిపోయినట్టే. వాకింగ్‌లో ఖర్చయ్యేదానికంటే గిన్నెలో వచ్చిందే ఎక్కువ. 60 కిలోల మనిషి గంట సేపు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 200 కేలరీల పైచిలుకే మరి!

అంటే తప్పు డ్రై ఫ్రూట్స్‌ది కాదు. రోజూ తినే తిండిలో ఏదీ తగ్గించకుండా, వాటిని అదనంగా చేర్చడమే తప్పు.

షుగర్ లేని లడ్డూ.. నిజంగా షుగర్ లేనిదేనా?

ఈ మధ్య స్వీట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో, ఇళ్లలో బాగా పాపులర్ అయింది డ్రై ఫ్రూట్ లడ్డూ. 'నో షుగర్' అని రాసి ఉంటుంది. పంచదార, బెల్లం వేయరన్నది నిజమే. కానీ లడ్డూ కట్టడానికి వాడేది ఖర్జూరం ముద్ద. ఖర్జూరం బరువులో సుమారు మూడింట రెండొంతులు చక్కెరే!

ఒక మోస్తరు లడ్డూలో 25 గ్రాముల ఖర్జూరం, 15 గ్రాముల బాదం-జీడిపప్పు, అర టీ స్పూన్ నెయ్యి ఉంటాయనుకుంటే.. మొత్తం సుమారు 175 నుంచి 180 కేలరీలు. అందులో ఖర్జూరం నుంచి వచ్చిన చక్కెరే 16 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మూడు, నాలుగు టీ స్పూన్ల చక్కెరతో సమానం. పంచదార లడ్డూతో పోలిస్తే ఇందులో పీచు, ప్రొటీన్, ఖనిజాలు ఉన్నాయి. ఆ మేరకు ఇది మెరుగే. కానీ 'షుగర్ లేదు కదా' అని రెండు మూడు లాగించేస్తే మాత్రం ఒక పూట భోజనం కేలరీలు అదనంగా వచ్చి చేరినట్టే.

మిగతా వాటి సంగతీ ఇంతే. ఆత్రేయపురం పూతరేకులో డ్రై ఫ్రూట్స్ పొడి చల్లినంత మాత్రాన అందులోని నెయ్యి, బెల్లం తగ్గిపోవు. హైదరాబాదీ విందుల్లో చివర్లో వచ్చే ఖుబానీ కా మీఠా ఎండు ఆప్రికాట్లతోనే చేస్తారు. కానీ పాకం కోసం చక్కెర కలుపుతారు. పైన క్రీమో, ఐస్‌క్రీమో వేస్తారు. జ్యూస్ సెంటర్‌లో డ్రై ఫ్రూట్ మిల్క్‌షేక్ కూడా అలాంటిదే. వీటిని స్వీట్‌గా ఎప్పుడైనా ఆస్వాదించొచ్చు. బరువు తగ్గించే ఆహారం అనుకుంటేనే చిక్కు.

బాదం, వాల్‌నట్స్ కథ వేరు!

కేలరీల పట్టిక చూస్తే బాదం, వాల్‌నట్స్ అన్నింటికన్నా పైన ఉన్నాయి. మరి బరువు పెంచేది అవే కావాలి కదా? ఇక్కడే ఆసక్తికరమైన విషయం ఉంది. నట్స్ మితంగా తినేవారిలో బరువు పెరగడం అంతగా కనిపించలేదని పలు అధ్యయనాలు చెబుతున్నాయి.

స్పెయిన్‌లో 7,000 మందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఒక వర్గానికి కూరగాయలు, పప్పులు, చేపలు ఎక్కువగా ఉండే భోజనంతో పాటు రోజుకు 30 గ్రాముల నట్స్ ఇచ్చారు. ఏళ్ల తరబడి గమనించినా కొవ్వు తగ్గించి తినమన్న వర్గంతో పోలిస్తే వీరి బరువు పెరగలేదు.

దీనికి ఒక కారణం.. గింజలోని కొవ్వు మొత్తం శరీరానికి అందకపోవడం. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఇది బయటపడింది. 28 గ్రాముల బాదంలో సుమారు 170 కేలరీలు ఉంటాయన్నది మామూలు లెక్క. కానీ తిన్నవారి శరీరానికి నిజంగా అందినవి 129 కేలరీలే! బాదం గింజలోని కణాల గోడలు గట్టిగా ఉంటాయి. ఎంత నమిలినా కొంత కొవ్వు వాటి లోపలే చిక్కుకుని, అరగకుండానే బయటకు వెళ్లిపోతుంది. అయితే అదే బాదాన్ని బటర్‌లా మెత్తగా నూరితే ఈ లాభం కనిపించలేదని ఆ తర్వాత చేసిన మరో అధ్యయనంలో తేలింది. అంటే బాదాన్ని గింజగా నమిలి తినడమే మేలన్నమాట.

ఇంకో కారణం.. నట్స్‌లోని కొవ్వు, ప్రొటీన్, పీచు వల్ల ఆకలి కాస్త ఆలస్యంగా వేస్తుంది. తర్వాతి పూట తిండి కొంత తగ్గుతుంది.

అలాగని ఎన్నైనా తినొచ్చని కాదు. పలాస జీడిపప్పును నేతిలో వేయించి ఉప్పు, కారం చల్లితే.. టీవీ చూస్తూ ప్లేటు ఖాళీ అయిపోతుంది. వేయించడంతో నెయ్యి కలుస్తుంది, ఉప్పు వల్ల ఇంకా ఇంకా తినాలనిపిస్తుంది. అప్పుడు పైన చెప్పిన లాభాలేవీ మిగలవు.

ఎండు పండ్లపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

'ప్రూన్స్‌తో బరువు తగ్గుతారు' అన్న ప్రచారం వెనుక ఒక అధ్యయనం ఉంది. బ్రిటన్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో దీన్ని వెల్లడించారు. అధిక బరువున్న 100 మందిని రెండు వర్గాలుగా చేసి 12 వారాల పాటు డైట్ పాటించమన్నారు. ఒక వర్గంలోని మహిళలకు రోజుకు 140 గ్రాములు, పురుషులకు 171 గ్రాముల ప్రూన్స్ ఇచ్చారు. రెండో వర్గానికి ఆరోగ్యకరమైన చిరుతిండిపై సలహాలు మాత్రమే ఇచ్చారు. ప్రూన్స్ తిన్నవారు సగటున 2 కిలోలు తగ్గారు. మరి తినని వర్గం? వాళ్లూ కిలోన్నర తగ్గారు! అంటే ఇద్దరి మధ్య తేడా అరకిలోనే. పైగా ఈ అధ్యయనానికి నిధులిచ్చింది కాలిఫోర్నియాలోని ప్రూన్స్ ఉత్పత్తిదారుల బోర్డు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. డైట్‌లో భాగంగా, మిగతా తిండి తగ్గించి తింటే ఎండు పండ్లు బరువు తగ్గడానికి అడ్డం రావు. అంతేగానీ వాటంతట అవే బరువు తగ్గించవు.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో మరో విషయం చెప్పారు. 2007 నుంచి 2016 వరకు జరిగిన జాతీయ పోషకాహార సర్వే వివరాలను వారు పరిశీలించారు. ఎండు పండ్లు తినే అలవాటున్నవారిలో బీఎంఐ, నడుము కొలత కాస్త తక్కువగా ఉన్నట్టు కనిపించింది. అయితే ఎండు పండ్లు తిన్న రోజున మాత్రం వాళ్లు మొత్తం మీద ఎక్కువ కేలరీలు తీసుకున్నారు. తింటున్న ఇతర ఆహారంలో దేని బదులు అవి తింటున్నారన్నదే ముఖ్యమని ఈ ఫలితం గుర్తుచేస్తోంది. ఎండు పండ్లు తినేవారి మిగతా ఆహారం కూడా మెరుగ్గానే ఉంది కాబట్టి, సన్నగా ఉండటానికి ఆ పండ్లే కారణమని చెప్పలేం.

నానబెడితే కేలరీలు తగ్గుతాయా? ఈ అపోహలు వదిలేయండి

నానబెడితే కేలరీలు తగ్గిపోతాయి: తగ్గవు. నానితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, మెత్తబడతాయి, నమలడం తేలికవుతుంది. తినేటప్పుడు కడుపు నిండిన భావన కాస్త పెరుగుతుంది. ఆ మేరకు నానబెట్టడం మంచి అలవాటే. కిస్‌మిస్‌లోని కొంత చక్కెర నీళ్లలోకి దిగినా.. ఆ నీళ్లు కూడా తాగేస్తారు కాబట్టి లెక్క మారదు.

పరగడుపున కిస్‌మిస్ నీళ్లు తాగితే కొవ్వు కరుగుతుంది: ఒంట్లో కొవ్వును కరిగించే శక్తి ఏ డ్రై ఫ్రూట్‌కూ లేదు. పరగడుపున తిన్నా, పడుకునే ముందు తిన్నా అందే కేలరీలు అవే.

ప్రూన్స్, అంజీర్ తింటే రెండు రోజుల్లోనే బరువు తగ్గుతుంది: వీటిలో పీచు ఎక్కువ. ప్రూన్స్‌లో సార్బిటాల్ అనే పదార్థం కూడా ఉంటుంది. దాంతో మలబద్ధకం తగ్గి పొట్ట తేలికవుతుంది. మెషీన్‌పై కనిపించే ఆ కాస్త తేడా పొట్ట ఖాళీ అయినందువల్లే తప్ప కొవ్వు కరిగినందువల్ల కాదు.

జీఐ తక్కువ కాబట్టి బరువు పెరగరు: ఎండు ఆప్రికాట్, ప్రూన్స్ లాంటివి రక్తంలో చక్కెరను మరీ వేగంగా పెంచవన్నది నిజమే. కానీ జీఐ తక్కువంటే కేలరీలు తక్కువని అర్థం కాదు. రెండూ వేర్వేరు లెక్కలు.

మరి రోజుకు ఎన్ని తినాలి?

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కేలరీల ఆహారం తీసుకునేవారి ప్లేటులో ఏమేం ఉండాలో అందులో చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, పాలు 300 మిల్లీలీటర్లు, నట్స్-గింజలు కలిపి 35 గ్రాములు.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ 35 గ్రాములంటే బాదం, జీడిపప్పు మాత్రమే కాదు. పల్లీలు, నువ్వులు కూడా ఈ కోవలోవే. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, మధ్యాహ్నం కూరలో నువ్వుల పొడి వేసుకున్నారంటే అందులో కొంత వాటా అప్పటికే అయిపోయినట్టు. మిగిలినదే బాదంకో, వాల్‌నట్స్‌కో. ఇది ఖరీదైన బాదం కొనలేనివారికి మంచి వార్త కూడా. గుప్పెడు పల్లీలు ఉడకబెట్టుకుని తిన్నా ప్రొటీన్, మంచి కొవ్వులు అందుతాయి.

ఎండు పండ్ల విషయానికొస్తే.. బ్రిటన్ ఆరోగ్య సేవల విభాగం ఎన్‌హెచ్‌ఎస్ 30 గ్రాముల ఎండు పండ్లను ఒక పూట పండ్ల వాటాగా లెక్కిస్తుంది. తాజా పండ్లయితే అదే వాటా 80 గ్రాములు. బరువు తగ్గాలనుకునేవారు ఆ 30 గ్రాములను పైహద్దుగా పెట్టుకుంటే సరిపోతుంది.

సులువుగా గుర్తుంచుకోవాలంటే.. బరువు తగ్గాలనుకునే ఆరోగ్యవంతులు రోజుకు 8-10 బాదం లేదా అదే మోతాదులో వేరే నట్స్, వాటితో పాటు రెండు చిన్న ఖర్జూరాలు లేదా ఒక స్పూన్ కిస్‌మిస్ లేదా ఒక అంజీర్ తీసుకోవచ్చు. 'లేదా' అన్న మాటే కీలకం. అన్నీ కలిపి కాదు!

ఇలా తింటే మేలు

• బదులుగా తినండి, అదనంగా కాదు: సాయంత్రం బజ్జీ, మిక్చర్, బిస్కెట్ల స్థానంలో తింటే లాభం. వాటితో పాటు తింటే నష్టం. టీలో పంచదార మానలేనివారు, పంచదార లేని టీతో ఒక ఖర్జూరం తిని చూడొచ్చు.

• డబ్బాలో నుంచి తినొద్దు: దీపావళికి వచ్చిన గిఫ్ట్ బాక్స్ టీపాయ్ మీద తెరిచి ఉంటే, అటూ ఇటూ తిరుగుతూనే అయిపోతుంది. రోజుకు సరిపడా ముందే లెక్కపెట్టి చిన్న గిన్నెలో వేసుకోవాలి. డబ్బా మూత పెట్టి లోపల పెట్టేయాలి.

• రెండు రకాలూ కలిపి తినండి: ఒక ఖర్జూరంతో నాలుగు బాదం తింటే.. ఖర్జూరంలోని చక్కెర నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. ఆకలి కూడా కాస్త ఆగుతుంది. పెరుగులో నాలుగు కిస్‌మిస్ వేసుకున్నా అంతే.

• తాజా పండు దొరికితే దానికే ఓటు: జామ, బొప్పాయి, ద్రాక్ష, నారింజ సీజన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. తక్కువ కేలరీలకే కడుపు నింపుతాయి. పండు దొరకని చోట, ప్రయాణాల్లో ఎండు పండ్లు వాడుకోవచ్చు.

• నీళ్లు తాగండి: ఎండు పండ్లలో పీచు ఎక్కువ, నీళ్లు తక్కువ. సరిపడా నీళ్లు తాగకపోతే పొట్ట ఉబ్బరం, గ్యాస్ ఇబ్బంది పెడతాయి.

• భోజనంతో పాటు తినడం మంచిది: ఎండు పండ్లు పళ్లకు అంటుకుంటాయి. మాటిమాటికీ నములుతుంటే దంతాలు పుచ్చిపోయే ప్రమాదం ఉంది. తిన్నాక నోరు పుక్కిలించాలి.

రంజాన్ మాసంలో ఉపవాసం విరమించేటప్పుడు ఖర్జూరంతో మొదలుపెట్టడం మంచి పద్ధతే. రోజంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఒకటి రెండు ఖర్జూరాలు, నీళ్లు త్వరగా శక్తినిస్తాయి. బరువు పెరిగేది ఆ రెండు ఖర్జూరాల వల్ల కాదు, ఆ తర్వాత వచ్చే వేపుళ్లు, స్వీట్ల వల్లే.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

షాపులో దొరికే ఎండు పండ్లన్నీ కేవలం ఎండబెట్టినవి కావు. ఎండు క్రాన్‌బెర్రీలు పులుపు కాబట్టి చాలావరకు చక్కెర కలిపే అమ్ముతారు. పైనాపిల్, కివీ, బొప్పాయి ముక్కలు రంగురంగులుగా మెరుస్తుంటే.. అవి చక్కెర పాకంలో ఊరినవి అయ్యుండొచ్చు. అరటి చిప్స్ నూనెలో వేయించినవి. వాటిని ఎండు పండ్ల లెక్కలో వేసుకోవద్దు.

ప్యాకెట్ వెనుక ఉండే పట్టికలో 'టోటల్ షుగర్స్', 'యాడెడ్ షుగర్స్' అని రెండు వరుసలు ఉంటాయి. యాడెడ్ షుగర్స్ దగ్గర సున్నా ఉంటే విడిగా చక్కెర కలపలేదని అర్థం. టోటల్ షుగర్స్ దగ్గరున్న అంకె అసలు మొత్తం చక్కెర ఎంతో చెబుతుంది. బరువు తగ్గాలనుకునేవారు ఆ రెండో అంకెనూ చూడాలి. ఖర్జూరం సిరప్ కూడా తేనె లాంటిదే.. పంచదారకు బదులు ధారగా పోసుకోవడానికి పనికిరాదు.

మరీ మెరిసే నారింజ రంగు ఆప్రికాట్లు, బంగారు రంగు కిస్‌మిస్‌లలో రంగు పోకుండా సల్ఫర్ డయాక్సైడ్ వాడతారు. ఆస్తమా ఉన్న కొందరికి ఇది పడదు. అలాంటివారు ముదురు గోధుమ రంగులో ఉండే, సల్ఫర్ వాడని రకం ఎంచుకోవాలి.

బరువు పెరగాలనుకునేవారికి వరమే

ఇదే లెక్క తిరగేస్తే.. సన్నగా ఉన్నవారికి, జబ్బు చేసి కోలుకుంటున్నవారికి, ఎక్కువ తినలేని పెద్దవాళ్లకు డ్రై ఫ్రూట్స్ బాగా ఉపయోగపడతాయి. తక్కువ పరిమాణంలోనే ఎక్కువ శక్తి అందుతుంది కదా! భోజనం తగ్గించకుండా, మధ్యలో గుప్పెడు నట్స్, రెండు మూడు ఖర్జూరాలు, గ్లాసు పాలు తీసుకుంటే రోజుకు 300 నుంచి 400 కేలరీలు అదనంగా చేరతాయి. స్వీట్లు, నూనె తిండితో బరువు పెరగడం కన్నా ఇది ఎంతో మేలు. అయితే కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే మాత్రం ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. డ్రై ఫ్రూట్స్ తింటూ కాలం గడపొద్దు.

పిల్లలకు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఐదేళ్ల లోపు పిల్లలకు బాదం, జీడిపప్పు లాంటివి గింజగా ఇవ్వకూడదు. గొంతులో అడ్డుపడి ఊపిరాడక ప్రాణం మీదకు రావొచ్చు. పొడి చేసి పాలలోనో, జావలోనో కలిపి ఇవ్వాలి.

వీళ్లు మాత్రం జాగ్రత్త

షుగర్ ఉన్నవారు: రెండు టేబుల్ స్పూన్ల కిస్‌మిస్‌లో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దాన్ని రోజువారీ లెక్కలో కలుపుకోవాల్సిందే. నట్స్ మితంగా తీసుకోవచ్చు. ఖర్జూరం, కిస్‌మిస్ ఎంత తినాలో డాక్టర్ లేదా డైటీషియన్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

కిడ్నీ సమస్య ఉన్నవారు: ఎండు పండ్లలో పొటాషియం చాలా ఎక్కువ. 100 గ్రాముల ఎండు ఆప్రికాట్లలో 1,100 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. పొటాషియం తగ్గించమని చెప్పిన రోగులకు ఇది ప్రమాదకరం. డాక్టర్ అనుమతి లేకుండా తినకూడదు.

నట్స్ అలర్జీ ఉన్నవారు: దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం లాంటివి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

జీర్ణ సమస్యలు ఉన్నవారు: ప్రూన్స్, అంజీర్ ఒక్కసారిగా ఎక్కువ తింటే విరేచనాలు అవుతాయి. ఒకటితో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

బరువు లెక్క తెలుసుకోండిలా..

అసలు బరువు తగ్గాల్సిన అవసరం ఉందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయంగా వైద్యులు పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వే గుండెకు, షుగర్‌కు ఎక్కువ ముప్పు.

మొత్తానికి చెప్పేదేంటంటే.. డ్రై ఫ్రూట్స్ మందూ కాదు, శత్రువూ కాదు. అవి నీళ్లు తీసేసిన పండ్లు, నూనె నిండిన గింజలు. చూడటానికి చిన్నవి, శక్తి మాత్రం పెద్దది. రేపు పొద్దున గిన్నెలో వేసే ముందు ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. ఆ గిన్నె కోసం ప్లేటులో ఏం తగ్గిస్తున్నారో కూడా చూసుకోండి. తగ్గించేది ఉంటే ఆ గుప్పెడు మేలు చేస్తుంది. లేకపోతే చేసిన వాకింగ్ అంతా ఆ గిన్నెకే పోతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఇందులోని కేలరీల లెక్కలు రకాన్ని, సైజును బట్టి కొంత మారతాయి. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు, గర్భిణులు ఆహారంలో మార్పులు చేసుకునే ముందు డాక్టర్ సలహా తీసుకోవాలి.)